మట్టి ఇచ్చినారా

పంతొమ్మిది వందల అరవై నాలుగు, ఎండలు మొదలైన రోజులు. వాకాడు వైపు ఒక సినిమా హాలు ముందర సైకిల్ స్టాండు. మొదటి ఆటకు ఇంకా వేళ కాలేదు. మాట్లాడుకుంటున్నది కరెంటు ఆఫీసు సూపర్వైజరు పద్మనాభయ్య, స్టాండు చూసుకోవడానికి కొత్తగా వచ్చిన మస్తాన్‌బీ.

"అది కాదు మస్తాన్‌బీ, పెట్రోమాక్సు పెట్టుకోని ఎన్నాళ్లని నెట్టుకొస్తావు? గాలి గట్టిగా కొడితే ఆరిపోతుంది. ఈ పూట నుంచి ఈ స్తంభాలన్నీ వెలుగుతాయి. ఆ రోజు పీకేసిన ఫ్యూజులు పొద్దున్నే మళ్లీ పెట్టేసినా. హాల్లో మెయిన్ స్విచ్చి వేస్తే చాలు."

"నాకు పెట్రోమాక్సు చాలు సార్."

"నీకు చాలుమా, సైకిళ్ల వాళ్లకు చాలొద్దా? కొత్త బొమ్మ. సముద్రం పక్క పల్లెల నుంచి కూడా జనం వస్తారు."

"రానీండి సార్."

"గడువు తీరిందా నీకు? అదే, భర్త పోతే మీలో గడప దాటకూడదంటారే."

"ఇద్దత్. మొన్నటితో తీరింది."

"తీరగానే వచ్చేసినావు."

"రాక ఏం చేసేది సార్? ఆయన చూసిన స్టాండే గదా. అయ్యగారు వచ్చి చూసుకోమన్నారు. వచ్చినా."

"చెంచురామయ్య గారు మంచి పని చేసినారు. పనోడు పోతే వాడి ఇంటి మొహం చూసే హాలు ఓనర్లు ఎంతమంది ఉన్నారు చెప్పు?"

"అవును సార్."

"ఏ స్తంభం దగ్గరమా?"

"ఏంది సార్?"

"అదే. మీ ఆయన, రహ్మాన్ పోయింది."

"ఓ, అదా. గేటుకు దగ్గర్లో ఉండేది. అదే."

"ఊఁ. చూడొద్దులే దాని వైపు."

"చూసినా ఏం లేదు సార్. స్తంభమే గదా."

"ఆ రోజు ఆయన ఏం చేస్తా ఉన్నాడు? నీకేమన్నా తెలుసా?"

"గొలుసు కడతా ఉన్నాడంట. వాన పట్టుకుంది గదా. సైకిళ్లన్నీ ఒక వరసకు చేర్చి, చక్రాల్లో నుంచి గొలుసు దూర్చి, కొస తెచ్చి స్తంభానికి చుట్టేవాడు. రోజూ చేసే పనే."

"పెట్టె జోలికి పోలేదా?"

"ఏ పెట్టె సార్?"

"ఫ్యూజుల పెట్టె. ఆయనకు కొంచెం చెయ్యి ఊరుకోదంట గదా. ఏదో కెలికినాడని..."

"ఎవరన్నారు సార్?"

"అందరూ అంటారు. లోకులు పలుగాకులు. పట్టించుకోకు."

"బయటోళ్లయితే పట్టించుకోను సార్. మా అత్త అంటది. కొడుకు చేతి దురదతో పోయినాడని పొద్దున లేస్తే అదే మాట. అన్నం తింటా అంటది, నమాజు చేసి లేచి అంటది. అల్లా ఇచ్చిన ప్రాణాన్ని వీడే తీసుకున్నాడు, అందుకని వీడికి దువా చెయ్యను అంటది. కన్నతల్లి సార్. ఆయన చావు మీద మీ ఆఫీసోళ్లు రాసిన కాగితంలో కూడా అట్నే ఉందంట గదా?"

"కాగితంలో కెలికినాడని లేదుమా. స్వయంకృతం అని రాసినాం."

"అంటే?"

"అంటే... తన చేతులారా అని."

"అదే గదా సార్ ఆమె అనేది."

"నేనేం చేసేదిమా? నాకేం రహ్మాన్ మీద పగా?"

"పగని కాదు సార్. నాకు ఇంకేం వద్దు. ఆయన కెలకలేదని ఒక్క మాట రాసి, మీ నోటితో మా అత్తకు చెప్పండి. సర్కారు మనిషి చెప్తే నమ్ముతది. కొడుక్కు దువా చేస్తది. అంతే."

"ఎట్టా రాయమంటావు? స్తంభానికి ఎర్తు ఉంది. ఎర్తు ఉన్న ఇనుము ఉత్తపుణ్యానికి మనిషిని కొట్టదు. అందుకని ఆయనే ఏదో ముట్టుకోని ఉండాలని రాసినాం. లెక్క ప్రకారం అంతే వస్తుంది."

"ఎర్తంటే ఏంది సార్?"

"చెప్తా విను. ఈ స్తంభం ఇనుప గొట్టం గదా. దీని లోపల్నుంచి తీగ పైకి పోతుంది, లైటుకు. గొట్టం అంచుకు ఒరుసుకోని ఒరుసుకోని తీగ మీద తొడుగు అరిగిపోతుంది. అరిగితే ఏమైతుంది? తీగ ఇనుముకు తగుల్తుంది. అప్పుడు కరెంటు స్తంభమంతా ఎక్కి కూర్చుంటుంది. దిగిపోను దారి చూస్తా ఉంటుంది."

"దారి ఉండదా?"

"మనమే పెట్టాల. స్తంభం పక్కన లోతుగా గుంట తవ్వి, అడుగున రాగిరేకు పెట్టి, చుట్టూ ఉప్పూ బొగ్గూ పోసి, స్తంభం నుంచి దాంట్లోకి ఒక తీగ దించుతాం. ఇనుముకు కరెంటు ఎక్కిందంటే ఆ దారిన మట్టిలోకి పోతుంది. పోతా పోతా ఫ్యూజు కొట్టేస్తుంది, లైటు ఆరిపోతుంది. మనిషికి ఏం కాదు."

"దారి పెట్టకపోతే?"

"మనిషే దారి అవుతాడు."

"ఆ రోజు లైటు ఆరలేదు సార్."

"ఆఁ?"

"ఆరలేదంట. ఆయన కింద పడున్నాడంట, పైన లైటు వెలుగుతానే ఉన్నిందంట. ఆ వెలుతురుకే కనిపించినాడంట."

"ఎవరు చెప్పినారు?"

"మా మరిది, హనీఫా."

"అంత వానలో ఏం చూసి ఉంటాడులే."

"గేటు కాడ అయ్యగారు కూడా ఉన్నారంట. ఆయన్ను అడగండి."

"అడుగుదాంలే. అడుగుదాం. ఇదో, అసలు నేను నీ దగ్గరికి వచ్చిన పని వేరే. ఎండలు ముదురుతా ఉన్నాయి. ఇది ఇసక నేల, తడి నిలవదు. ఎర్తు గుంట ఎండిపోతే ఉన్నా లేనట్టే. రోజూ సాయంత్రం ఒక్కో గుంటకు ఒక్కో బిందె నీళ్లు పొయ్యాల. స్టాండులో ఉండేదానివి నువ్వు గాబట్టి ఆ పని నీదే."

"పోస్తాను సార్. గుంటలు యాడుండాయి?"

"నన్నడుగుతావేందిమా? నీకు తెలియాల."

"నాకెట్టా తెలుస్తాది?"

"రహ్మాన్ తవ్వినవే గదా. స్తంభాలు పాతినప్పుడు ఎర్తు గుంటలు కూడా రహ్మానే తవ్వినాడని చెంచురామయ్య గారు చెప్పినారు. వాన నీళ్లు నిలబడి ఉన్నాయి, ఆ రోజు తవ్వి చూసే వీలు లేదు. ఆయన మాట ఒక్కటీ చాలదని నీ దగ్గరికి కూడా వచ్చి అడిగినా. నువ్వు అవునన్నావు."

"నేనా?"

"నువ్వే. మీ ఇంటికి వచ్చినాను గదా. తెర అవతల కూర్చోని చెప్పినావు."

"వచ్చినారు సార్. గుర్తుండాది. మట్టి అయిన మర్నాడు."

"అదే. మా ఆఫీసులో వాళ్లకు జనంతో మాట్లాడను రాదు. ఎర్తు, ఫేజు అంటా ఉంటారు. ఆడమనిషివి, నీకేం తెలుస్తుందిలే అని నేనే తెలుగు చేసి అడిగినా. మట్టి ఇచ్చినారా అమ్మా అన్నా."

"అవును సార్. అట్నే అడిగినారు."

"ఇచ్చినారు అన్నావు."

"అన్నా."

"గుంట లోతుగా తవ్వినారా అని అడిగినా."

"లోతుగానే తవ్వినారన్నా."

"నీళ్లు పోసినారా అని అడిగినా."

"పోసినారన్నా."

"మరి? ఉప్పూ బొగ్గూ వేసినారా అంటే మాత్రం, అదంతా మగవాళ్లు చూసుకున్నారు, నేను పోలేదు అన్నావు. సరేలే, పాపం, దానికేం తెలుసు అనుకోని వచ్చేసినా."

"ఆ ఉప్పు మాటే నాకు అర్థం కాలా సార్. మాలో ఉప్పు వెయ్యరు. మీలో పూడ్చేవాళ్లు వేస్తారంట గదా, అందుకని అడుగుతా ఉన్నారేమో అనుకున్నా."

"మాలో పూడ్చేవాళ్లా?"

"ఆఁ."

"మస్తాన్‌బీ. నువ్వు దేని గురించి చెప్తా ఉన్నావు?"

"మీరు దేని గురించి అడిగినారు సార్?"

"స్తంభం గురించి."

"నేను ఆయన గురించి చెప్పినా."

"రహ్మాన్‌కా మట్టి ఇచ్చింది?"

"మేం అట్నే అంటాం సార్. ఖబరస్తాన్‌లో దించినాక తలా మూడు పిడికిళ్లు వేస్తారు. దాన్నే మట్టి ఇచ్చేది అంటాం. చావింటికి ఆలస్యంగా వచ్చినోళ్లు ఎవరైనా ముందు అదే అడుగుతారు. మట్టి ఇచ్చినారా అని. ఆ పొద్దున అందరూ అడిగినారు. మీరూ వచ్చినారు, మీరూ అడిగినారు."

"నీళ్లు?"

"మట్టి కప్పినాక పైన చల్లుతారు. ఆడోళ్లు ఖబరస్తాన్‌కు పోరు. అందుకని మగవాళ్లు చూసుకున్నారన్నా."

"ఏ మట్టి అని ఒక్క మాట అడగకపోయినావా తల్లీ?"

"ఇంట్లో నుంచి శవం లేచిన మర్నాడు మట్టి అంటే, ఏ మట్టి అని అడుగుతారా సార్? సర్కారు మనిషి ఎంత మర్యాదగా అడుగుతా ఉన్నాడే అనుకున్నా నేను. లోతుగా తవ్వినారా అని కూడా కనుక్కుంటా ఉన్నాడే అని. వాన గదా, గుంట సరిగ్గా తవ్వినారో లేదో అని నాకు అదే బెంగ. ఎవరూ అడగలా ఆ మాట. మీరొక్కరే అడిగినారు."

"దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నాడంట ఎనకటికెవడో. నేను చేసింది కూడా అదే."

"అంటే గుంటలు లేవా సార్?"

"నువ్వు చెప్పు. రహ్మాన్ తవ్వినాడా?"

"స్తంభాలు పాతను తవ్వినాడు. అన్నం నేనే తెచ్చి ఇచ్చినా. అవి తప్ప పక్కన ఇంకేం తవ్వలా. రాగిరేకు, బొగ్గు, నేనైతే చూడలా. తవ్వమంటే తవ్వేవాడే. ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు."

"అయితే గుంటలే లేవు."

"నా మాట వల్లనే గదా సార్, ఆయన మీద పడింది."

"నీ మాట కాదు."

"మా అత్తకు ఆ మాట అందించింది నేనే."

"ఏడుస్తా ఉన్నావా మస్తాన్‌బీ?"

"లేదు సార్. నాకు ఏడుపు రాదు. ఆ రోజూ రాలేదు. అందరూ నన్ను పట్టుకోని ఏడిస్తే చూస్తా కూర్చున్నా. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదే, అట్టా ఉండాది ఒళ్లంతా. ఇప్పుడన్నా వస్తాదేమో అనుకున్నా, మీరు చెప్పినాక. రాలా."

"చూడుమా, ఇప్పుడు ఏం చేద్దామంటే, రేపే మనుషుల్ని పెట్టి గుంటలు తవ్విస్తా. నేనే దగ్గరుండి రేకులు పెట్టిస్తా. చడీచప్పుడు లేకుండా పని అయిపోతుంది. నీకు భయం ఉండదు."

"కాగితం?"

"కాగితం పైకి పోయిందిమా."

"వెనక్కి తెచ్చుకోండి."

"దాన్ని వెనక్కి తేవాలంటే ముందు నన్ను ఇంటికి పంపిస్తారు. చూడకుండా ఎట్టా రాసినావయ్యా అంటారు. నాకూ పిల్లలున్నారు."

"ఆయన కెలకలేదని రాయరా అయితే?"

"రాయనని కాదు. నిదానంగా చూద్దాం. ఏదో ఒకటి చేద్దాం."

"మా అత్త ముసల్ది సార్. నిదానం అంటే ఆ మాట మీదనే పోతది."

"అబ్బ, ఉండుమా. అయ్యగారు వస్తా ఉన్నారు."

"ఏం సూపర్వైజరు గారూ, మా మస్తాన్‌బీతో కబుర్లా? సైకిళ్లు అప్పుడే వస్తా ఉన్నాయి. స్టాండు లైట్లు వేయించమంటారా?"

"చెంచురామయ్య గారూ, ఈ పూటకు ఆగుదాం."

"ఎందుకని?"

"ఎర్తు గుంటలు ఒకసారి తవ్వి చూస్తే మంచిదని."

"చూసేదేముందయ్యా దాంట్లో? రహ్మాన్ తవ్వినాడు, ఉన్నాయి. ఈమే చెప్పింది, మీరే రాసినారు, సంతకం కూడా మీదే."

"సంతకం నాదే. అయితే..."

"అయితే గియితే ఏంది? లేవంటే లేవని చెప్పండి. నేనూ పైకి ఒక అర్జీ పెడతా, మీ మనిషి చూడకుండానే సంతకం చేసినాడని."

"అబ్బే, లేవని కాదు."

"ఉన్నట్టేనా?"

"అది కాదు, నేననేది..."

"అడుగుతున్నా. ఉన్నట్టేనా?"

"ఉన్నట్టే."

"ఇంకేం మరి? స్తంభాల లోపల తీగ కూడా కొత్తది వేయించినా. దీపాలు లేని స్టాండని ఇన్నాళ్లూ జనం పక్క టెంటు హాలుకు పోయినారు. ఈ పూట వెలగాల్సిందే. మా ఆపరేటరు లోపలే ఉన్నాడు. ఒరే గంగులయ్యా, వినపడతా ఉందా? కిటికీ కాడికి రా. స్టాండు మెయిన్ దగ్గర నిలబడు. నేను చెయ్యి ఎత్తితే వెయ్యి."

"వేసే ముందు టెస్టు లైటు పెట్టి చూసుకోనియ్యండి."

"జనం ముందర స్తంభాలకు పరీక్షలు పెడితే సైకిలు పెట్టేవాడెవడు ఇక్కడ? వెలిగినాక చూసుకోండి, తీరిగ్గా. మస్తాన్‌బీ, ఏందిమా అట్టా నిలబడిపోయినావు? ఆ సైకిళ్లు వరసకు పెట్టు."

"పెట్టినానయ్యా."

"మస్తాన్‌బీ, నువ్వు ఇటొచ్చేసెయ్. నా పక్కకు రామ్మా."

"గొలుసు కట్టాల సార్."

"ఇప్పుడు గొలుసెందుకు? వాన లేదు, ఏం లేదు."

"ఆయన అట్నే కట్టేవాడు."

"కట్టనియ్యండి సూపర్వైజరు గారూ, కట్టి వస్తుంది. ఏయ్, కట్టేసినావు గదా, ఇంకా ఆ గేటు స్తంభం ఎందుకు పట్టుకోనున్నావు?"

"ఊరికేనయ్యా."

"ఊరికే ఏంది? గంగులయ్య స్విచ్చి కాడ ఉన్నాడు. పక్కకు జరుగు."

"వెయ్యమనండయ్యా."

"సూపర్వైజరు గారూ, ఏందిది? మీరు చెప్పండి ఆమెకు."

"నన్నేం చెప్పమంటారు చెంచురామయ్య గారూ? ఎర్తు ఉందంటిరి గదా."

"ఉంటే మాత్రం? పట్టుకోని నిలబడాలా?"

"ఉంటే నాకేం కాదంటయ్యా. సార్ చెప్పినాడు. కరెంటు మట్టిలోకి పోతాదంట. లేకపోతే ఆయన కెలకలేదని మా అత్తకు తెలుస్తాది. ఎట్టయినా నాకు మంచిదే."

"దీనికి మతి పోయింది. మస్తాన్‌బీ, మంచి మాటగా చెప్తున్నా. చెయ్యి తియ్యి."

"ఎర్తు ఉందా అయ్యా?"

"ఉందని చెప్తినే."

"అయితే ఎందుకు తియ్యడం?"

"చూడమ్మా, సైకిళ్ల వాళ్లంతా చూస్తా ఉన్నారు. పరువు తియ్యొద్దు. ఇటు రా, నీకేం కావాలో లోపల కూర్చోని మాట్లాడుకుందాం."

"నాకేం వద్దయ్యా. మీ చెయ్యి ఎత్తండి."

"సూపర్వైజరు గారూ, లాగండయ్యా ఆమెను."

"ఆడమనిషి. నేను ముట్టుకోలేను."

"ఎత్తండి అయ్యా. గంగులయ్య మీ చెయ్యి కోసమే చూస్తా ఉన్నాడు."

"ఒరే గంగులయ్యా, వెయ్యొద్దు. నేను చెయ్యి ఎత్తలేదురా, వద్దని ఊపుతా ఉన్నా. వెయ్యొద్దు, స్విచ్చి ముట్టుకోవద్దు, ఫ్యూజులు పీకి పారెయ్. మస్తాన్‌బీ, నీకు దణ్ణం పెడతా, దాంట్లో ఉండేది ఆ పాత తీగే. గుంటా లేదు, ఏం లేదు. ఎప్పుడూ లేదు. చెయ్యి తియ్యి తల్లీ, చెయ్యి తియ్యి."

"విన్నారా సార్?"

"విన్నానమ్మా. స్టాండంతా వినింది. మీ అత్త దగ్గరికి ఇప్పుడే పోదాం పద, నేను చెప్తా. నువ్వు ముందు ఆ చెయ్యి తియ్యి."

"తీస్తా సార్. అయ్యా, ఆ రోజు గేటు కాడ నిలబడి ఈ మాత్రం అరిచి ఉంటే, ఆయన కూడా తీసేవాడు గదా."